మైలుతుత్తం, కొడవలి, ప్యానెల్: హైస్కూల్లో కెమిస్ట్రీని చూపించి చెప్పడం ఎలా

మామిడి తోటలో తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమం కలిపే రోజు ఒకసారి వెళ్ళి పక్కన నిలబడండి. వంద లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం (అంటే కాపర్ సల్ఫేట్), కిలో సున్నం. రెండూ వేరువేరుగా కరిగించి ఒక డ్రమ్ములో పోస్తే లేత నీలం రంగు చిక్కటి ద్రవం తయారవుతుంది. అప్పుడు రైతు బొడ్లోంచి కొడవలి తీసి అందులో కాసేపు ముంచి పైకెత్తి చూస్తాడు. ఇనుము మీద ఎర్రటి పూత కనబడితే "సున్నం చాల్లేదు" అని ఇంకొంచెం పోయిస్తాడు. పూత రాకపోతే మందు సిద్ధమైనట్టే.

ఆ రైతు కొడుకు అదే సమయానికి మన పదో తరగతిలో కూర్చుని "ఎఫ్‌ఈ ప్లస్ సీయూఎస్‌ఓ4", అంటే ఇనుము ప్లస్ మైలుతుత్తం, అని బట్టీ పడుతుంటాడు. నాన్న కొడవలి మీద కనబడిందీ, తన నోట్సులో ఉన్నదీ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చాలా ఏళ్ళు చెప్పలేదు, నాకే తెలియదు కాబట్టి.

చిత్తూరు, తిరుపతి జిల్లాల హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ చెప్పే సార్లకీ మేడమ్‌లకీ, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ల్యాబ్ అంటే ఒక బీరువా, తాళం ఎవరి దగ్గరుందో తెలియని పరిస్థితి అనుకునే రాస్తున్నాను.

ముందు ఇది తేల్చుకోండి: ఏది బల్ల మీద, ఏది తెర మీద

క్లాసు గోడకి ప్యానెల్, అంటే ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెర, వచ్చాక మనలో చాలామందికి ఒక అలవాటు పట్టుకుంది. సున్నపు తేట పాలలా మారడం కూడా వీడియోలోనే చూపిస్తున్నాం. పది నిమిషాల్లో, చేత్తో, ఖర్చు లేకుండా అయ్యే పనికి వీడియో ఎందుకు? అలాగని అంతా చేత్తోనే చేస్తామంటే కుదరదు. నీళ్ళు తగిలితే పేలే సీజియం లోహాన్ని నీళ్ళల్లో వేసి చూపించలేం, అణువుని పట్టుకుని చూపించలేం.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ అనే ఆయన కెమిస్ట్రీ ఎందుకు కష్టమో 1991లో ఒక త్రిభుజం గీసి చెప్పారు. ఒక మూల కంటికి కనబడేది, ఇంకో మూల కనబడని కణాలు, మూడో మూల గుర్తులూ సమీకరణాలూ. తెలిసినవాళ్ళం కాబట్టి మనం ఈ మూడింటి మధ్య ఒకే వాక్యంలో అటూ ఇటూ గెంతేస్తాం. పిల్లలు గెంతలేరు. "కాపర్ అవక్షేపంగా వచ్చింది" అన్నామంటే అందులో ఎర్రటి పూత, అయాన్లు (ఎలక్ట్రాన్లు పోయిన లేదా చేరిన కణాలు), సీయూ అనే రెండక్షరాలు మూడూ ఉన్నాయి. వింటున్నవాడికి వాటిలో ఒక్కటే అందుతుంది, ఒక్కోసారి అదీ లేదు.

అందుకే నాకు నేను పెట్టుకున్న లెక్క ఇది. కంటికి కనబడేది బల్ల మీద. కనబడని కణాలకీ, ప్రమాదకరమైనవాటికీ తెర. గుర్తులు చివర్లో, నల్లబల్ల మీద చాక్‌పీసుతో. ఈ వరస తప్పకూడదు. సమీకరణం ముందు రాసేసి తర్వాత ప్రయోగం చేస్తే, పిల్లలు చూడాల్సింది చూడరు, రావాల్సిన జవాబు కోసం చూస్తారు.

సామాను

మైలుతుత్తం ఎరువుల అంగట్లో దొరుకుతుంది. పావు కిలో కొంటే ఏడాదంతా వస్తుంది. సున్నం తమలపాకుల అంగట్లో. పసుపు, వంటసోడా, వెనిగర్, నిమ్మకాయలు ఇంట్లోవే. కరక్కాయలు పచారీ అంగట్లో. మెగ్నీషియం తీగ, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, జింకు ముక్కలు మాత్రం స్కూలు ల్యాబువే వాడండి. ఆమ్లం లేదని బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి క్లాసులో తెరవద్దు. దాని గాఢత ఎంతో మనకి తెలియదు, పొగకే పిల్లలు దగ్గుతారు.

మేకుల దగ్గర ఒక చిన్న మోసం ఉంది. అంగట్లో మెరిసే మేకులకి చాలావాటికి జింకు పూత ఉంటుంది. అవి మైలుతుత్తంలో వేస్తే ముందు చర్య జరిపేది జింకే, నల్లటి బూజులాంటిది పడుతుంది. పూత లేని మామూలు ఇనప మేకులు అడిగి తీసుకోండి, గరుకు కాగితంతో బాగా రుద్దండి. గిన్నెలు తోమే స్టీలు పీచు, గడ్డం గీసుకునే బ్లేడు సాధారణంగా స్టెయిన్‌లెస్, ఈ పనికి అంతగా పనికిరావు.

ముందురోజు ఇంట్లో చేసి చూడండి

ఇది వదిలేశారంటే మిగతాదంతా వృథా. నాకు బుద్ధి వచ్చిన సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతికి సున్నపు తేట ప్రయోగం పెట్టుకున్నాను. ఎప్పుడో గోడలకి వేయగా మిగిలిన సున్నం సంచి ఇంట్లో ఉంటే అందులోంచి రెండు చెంచాలు రాత్రి నానబెట్టి, పొద్దున పైన తేట వంచుకుని తీసుకెళ్ళాను. ముందు బెంచీ అబ్బాయి స్ట్రాతో ఊదుతున్నాడు, ఊదుతూనే ఉన్నాడు. మొహం ఎర్రబడింది గానీ నీళ్ళు తెల్లబడలేదు. వెనకనుంచి ఒకడు "సార్, వాడి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ లేదేమో" అన్నాడు. క్లాసంతా నవ్వు.

జరిగిందేమిటంటే, నెలల తరబడి మూతి విప్పి ఉన్న సంచిలోకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి, సున్నం ముందే సుద్దగా మారిపోయింది. నేను రేపు చూపించాలనుకున్న చర్య మా ఇంటి అటక మీద ఎప్పుడో జరిగిపోయింది! మర్నాడు ఆ సంచి సున్నం మీదా తాజా సున్నం మీదా విడివిడిగా వెనిగర్ పోసి చూపించాను. పాతది బుసబుసా పొంగింది. తాజాది అంతగా పొంగలేదు. అనుకున్న పాఠం కన్నా ఈ పాఠమే బాగా కుదిరింది, కానీ ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు.

ముందురోజు చూసుకోవాల్సినవి: ఎంతసేపు పడుతుంది, ఎంత దూరానికి కనబడుతుంది, ఏది ఒలుకుతుంది. అంతే.

క్లాసులో: మేకు పాఠం మొదటినుంచి చివరిదాకా

ఒక్కటే పూర్తిగా చెబుతాను. మిగతావి ఇదే పద్ధతిలో మీరే అల్లుకోగలరు.

క్లాసుకి వెళ్ళకముందే వంద మిల్లీలీటర్ల నీళ్ళల్లో ఐదు గ్రాముల మైలుతుత్తం కరిగించి రెండు పరీక్షనాళికల్లో సగం సగం పోసుకోండి. ఒకటి పోల్చి చూడ్డానికి అలాగే ఉండాలి. ఇంకో సీసాలో ఇదే ద్రావణాన్ని ఐదింతలు నీళ్ళు కలిపి బాగా పలచన చేసి, అందులో నాలుగైదు మేకులు వేసి ముందురోజు సాయంత్రమే పక్కన పెట్టండి. దాని పని తర్వాత.

నాళిక వెనక తెల్లకాగితం నిలబెట్టండి. యాభై మంది ఉన్న క్లాసులో మూడో బెంచీ దాటితే పరీక్షనాళికలో ఏముందో ఎవరికీ కనబడదు, ఇది మనం ఒప్పుకోం గానీ నిజం. ఫోనుని నాలుగు పుస్తకాల దొంతికి ఆనించి, కెమెరా తెరిచి, ప్యానెల్ మీదకి కాస్ట్ చేయండి. స్కూల్లో నెట్ లేకపోయినా, ఫోనూ ప్యానెలూ ఒకే వైఫైలో ఉంటే చాలాసార్లు పని జరిగిపోతుంది. నా మటుకు ప్యానెల్‌తో వచ్చిన అన్ని యాప్‌ల కన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ప్యానెల్ లేని క్లాసైతే వీడియో తీసి ఫోనుని బెంచీ బెంచీకి తిప్పండి.

ఇప్పుడు మేకు వేయకండి. ముందు అడగండి: "ఇరవై నిమిషాల తర్వాత ఏమవుతుంది?" ఒక్కొక్కరూ నోట్సులో ఒక వాక్యం రాయాలి, పేరుతో సహా. చేతులెత్తమంటే ఫస్ట్ ర్యాంకు పిల్ల ఎత్తిందని అందరూ ఎత్తుతారు. రాయిస్తేనే ఎవరి బుర్రలో ఏముందో బయటపడుతుంది. తుప్పు పడుతుందని, కరిగిపోతుందని, నీలంగా మారుతుందని, ఏమీ కాదని, అన్నీ వస్తాయి. తప్పు రాసినవాడిని ఏమీ అనకండి. పందెం కాసినవాడే ఆట చూస్తాడు.

మేకు దారానికి కట్టి దించండి. ఒకటి రెండు నిమిషాలకే రంగు మారడం మొదలవుతుంది. ఇరవై నిమిషాలు ఉంచి పైకి తీస్తే మునిగినంతమేర ఇటుక రంగు. ఇక్కడే అసలు చిక్కు. "ఇనుము రాగిగా మారిపోయింది సార్" అంటారు. ఆ మాట వచ్చినప్పుడు వెంటనే దిద్దకండి. మేకుని ఆ పిల్ల చేతికే ఇచ్చి, కాగితం మీద పెట్టి బ్లేడు అంచుతో గీకమనండి. కింద బూడిదరంగు ఇనుము అలాగే ఉంటుంది. రాగి పైన వచ్చి కూర్చుందే తప్ప ఇనుము రాగి కాలేదు. మరి ఆ రాగి ఎక్కడినుంచి వచ్చింది? అప్పుడు చూపు తనంతట తనే నీలం నీళ్ళ మీదకి వెళుతుంది.

ఒక పీరియడ్‌లో నీలం తగ్గడం సరిగ్గా కనబడదు. పుస్తకంలో లేత ఆకుపచ్చకి మారుతుందని ఉంటుంది, పిల్లలకి నీలంగానే కనబడుతుంటుంది, అయినా "అవును సార్ ఆకుపచ్చే" అని మర్యాదకి అబద్ధం చెబుతారు. రాత్రంతా ఉంచిన పలచన సీసా అందుకే. అది బయటకి తీసి మామూలు ద్రావణం పక్కన పెట్టండి. అప్పుడు తేడా ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక కణాలు. కణాలకి తెర అన్నాను గానీ, ఈ పాఠానికి యానిమేషన్ వెతక్కండి, పిల్లల్నే లేపండి. ఒక అబ్బాయి ఇనప పరమాణువు, వాడి చేతిలో రెండు చాక్‌పీసులు: ఎలక్ట్రాన్లు. ఒక అమ్మాయి రాగి అయాన్, ఛాతీ మీద నీలం కాగితం, చేతులు ఖాళీ. ఇంకో అబ్బాయి మైలుతుత్తంలో రాగితో పాటు ఉండే సల్ఫేట్ అయాన్, చేతులు కట్టుకుని మూల నిలబడాలి. రాగి వచ్చి ఇనుము ముందు చెయ్యి చాపుతుంది. ఇనుము రెండు చాక్‌పీసులూ ఇచ్చేస్తాడు. తీసుకున్నాక రాగి నీలం కాగితం తీసేసి నేల మీద కూర్చుండిపోతుంది, ఇక అది ఘనపదార్థం. ఇనుము లేత ఆకుపచ్చ కాగితం అంటించుకుని నీళ్ళల్లోకి, అంటే క్లాసు మధ్యలోకి, నడిచిపోతాడు. సల్ఫేట్ ఏం చేశాడు? ఏమీ చేయలేదు. మా క్లాసులో ఆ అబ్బాయిని ఏడాది చివరిదాకా సల్ఫేట్ అనే పిలిచారు. పరీక్షల్లో ఆ అయాన్ ప్రేక్షకుడని మాత్రం ఒక్కరూ మర్చిపోలేదు.

అప్పుడు చాక్‌పీసు మీరు తీసుకుని సమీకరణం రాయండి. రాశాక కొడవలి కథ చెప్పండి. ముందు చెబితే జవాబు ఇచ్చేసినట్టవుతుంది. సున్నం ఎందుకు పోస్తారు అని ప్రశ్న వస్తుంది: రాగి అయాన్లని హైడ్రాక్సైడ్‌గా పట్టి ఉంచడానికి. విడిగా మిగిలిన రాగి అయాన్లు ఆకుల్ని మాడ్చేస్తాయి, ఆ మిగులుని పట్టించేదే కొడవలి. 1885 ప్రాంతంలో ఫ్రాన్సులోని బోర్డో దగ్గర ద్రాక్షతోటల తెగులు కోసం మిల్యార్దే అనే ఆయన వాడుకలోకి తెచ్చిన మందు ఇది.

తెర: ఏవి, ఎలా

నేను ఎక్కువగా వాడేది ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూసే నమూనా ప్రయోగాలు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వీమన్ మొదలుపెట్టారు, ఆయన అంతకు ముందు ఏడాదే ఫిజిక్స్‌లో నోబెల్ తీసుకున్న మనిషి. అన్నీ ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ముఖ్యమైన సంగతి: ఒక్కో సిమ్యులేషన్‌ని ఒక్కో ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, తర్వాత నెట్ లేకపోయినా బ్రౌజర్లో తెరుచుకుంటుంది. వీడియోలు కూడా ఇంట్లోనే దించుకుని తీసుకెళ్ళండి. క్లాసులో ఆ గుండ్రటి గీత తిరుగుతూ ఉంటే పిల్లలు కాసేపు దాన్నే చూస్తారు, ఆ తర్వాత కిటికీలోంచి చూస్తారు. మనకి టెన్షన్.

పరమాణువుని నిర్మించేది, పదార్థ స్థితులు, సమీకరణాల తుల్యం, పీహెచ్ స్కేలు (ఏది ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత): ఈ నాలుగూ చాలు మొదటి ఏడాదికి. తుల్యం చేసేదాంట్లో అణువులు బొమ్మలుగా కనబడుతూ పక్కన తక్కెడ ఊగుతుంది. అమ్మోనియా తయారీతో మొదలుపెట్టండి. ఎన్-టూ (నైట్రోజన్ అణువు) కింద చిన్న రెండుని మూడు చేసేస్తే సరిపోదా అని ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు అడుగుతాడు. ఇందులో ఆ అంకె మార్చడానికి వీలే లేదు, ముందున్న అంకెలే మారతాయి. ఎందుకు మారదో వాళ్ళచేతే చెప్పించండి.

క్రియాజనకాలు (చర్యలో కలిసే పదార్థాలు), మిగుళ్ళు అని ఇంకో సిమ్యులేషన్ ఉంది, శాండ్‌విచ్‌లతో మొదలవుతుంది. శాండ్‌విచ్ మనవాళ్ళకి అంత దగ్గరిది కాదు. నేను ముందు బోర్డు మీద రెండు ఇడ్లీలకి ఒక వడ, ఒక ప్లేటు అని రాస్తాను. పదకొండు ఇడ్లీలు, నాలుగు వడలు ఉంటే ఎన్ని ప్లేట్లు, ఏం మిగిలింది? ఆ లెక్క నోటితో చెప్పేశాక తెర మీదకి వెళితే హైడ్రోజన్, ఆక్సిజన్ అయినా భయపడరు.

తెరని మీరొక్కరే ముట్టుకోకండి. ఒకరిని పిలిచి, మిగతావాళ్ళని వాడికి సూచనలివ్వమనండి. సిమ్యులేషన్ కూడా ముందు ఊహ, తర్వాత నొక్కడం.

అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ల్యాబులో మన సిలబస్ ప్రయోగాలు దశలవారీగా ఉంటాయి. నేను సౌండ్ ఆపేసి తెలుగులో నేనే చెబుతాను. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే దీక్షా యాప్‌తో స్కాన్ చేసి ముందే మీరు చూడండి. కొన్ని బాగున్నాయి, కొన్నిట్లో పుస్తకంలోని వాక్యాలే ఎవరో చదువుతుంటారు. సోడియం, పొటాషియం లాంటి క్షార లోహాలు నీళ్ళతో కలిసినప్పుడు జరిగే రభసకి, బ్రోమిన్‌కి, క్లోరిన్‌కి నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంవాళ్ళ పీరియాడిక్ వీడియోలు ఉన్నాయి, మొత్తం 118 మూలకాలకీ. సోడియం ప్రయోగం ల్యాబులో ముక్క ఉంది కదా అని చేయకండి. దానికి తెరే సరి.

పసుపూ, శంఖుపువ్వూ

ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే సూచికల పాఠానికి నెట్‌లో వెతికితే ఎర్ర క్యాబేజీ వస్తుంది. అది తిరుపతి రైతుబజార్లో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. కొత్త పెళ్ళికొడుక్కి దిష్టి తీసే ఎర్రనీళ్ళు చాలు. పసుపు నీళ్ళల్లో చిటికెడు సున్నం వేసి పిల్లల ముందే కలపండి. ఇంట్లో ఎన్నోసార్లు చూసిందే, కానీ ఎందుకు ఎర్రబడిందని ఎవరూ అడిగి ఉండరు. అందులోనే నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు.

తర్వాత ఒక కొంటె ప్రశ్న. ఒక గ్లాసులో పసుపు నీళ్ళు, ఇంకోదాంట్లో పసుపు నీళ్ళల్లో నిమ్మరసం. ఏది ఆమ్లం? రెండూ ఒకేలా ఉంటాయి. పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గానీ ఆమ్లాన్ని మంచినీళ్ళనుంచి వేరు చేయలేదు. అప్పుడు శంఖుపువ్వు తేవాలి. పది నీలం పూలు వేడినీళ్ళల్లో వేస్తే ముదురు నీలం. నిమ్మరసానికి ఊదా, గులాబీ వైపు పోతుంది. వంటసోడాకి ఆకుపచ్చ వైపు, సున్నపు తేట ఎక్కువైతే పసుపు దాకా. ఎవరింటి బోరు నీళ్ళు వాళ్ళు సీసాలో తెచ్చి వరసగా పెట్టి చూస్తే సగం పీరియడ్ సరిపోదు. ఆ తర్వాత పీహెచ్ సిమ్యులేషన్ తెరిస్తే అందులో పాలు, కాఫీ, రక్తంతోపాటు వాంతి కూడా ఉంటుంది. దాన్ని ముందు తెరవండి, క్లాసు మీ చేతుల్లోకి వస్తుంది.

బోరు నీళ్ళ మాట వచ్చింది కాబట్టి: సున్నపు తేటలో ఊదితే పాలలా మారుతుంది, ఇంకా ఊదుతూ పోతే మళ్ళీ తేరుతుంది. ఈ రెండో భాగం రావాలంటే తేటని ముందే సగానికి సగం నీళ్ళతో పలచన చేయండి, లేకపోతే ఊదేవాడు అలిసిపోతాడు. తేరిన నీళ్ళని కాచితే మళ్ళీ తెల్లబడతాయి. మన ఇళ్ళల్లో ఇడ్లీపాత్ర అడుగున, గీజరులో కట్టే తెల్లటి పెచ్చు ఇదే. ఒక పెచ్చు తెచ్చి వెనిగర్‌లో వేయించండి. ఊదేటప్పుడు మాత్రం ఒకటే మాట: ఊదాలి, పీల్చకూడదు.

శ్రీకాళహస్తి దగ్గరి స్కూలైతే కలంకారీని, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కళని, వదలకండి. నల్లరంగు కోసం వాళ్ళు ఇనప ముక్కలూ బెల్లమూ నీళ్ళల్లో వేసి వారాల తరబడి పులియబెడతారు. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు ఇనుముని కరిగిస్తాయి. కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీస్తే, కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. మీ క్లాసులో మేకులు వెనిగర్‌లో నాలుగు రోజులు నానబెట్టి, కరక్కాయ పొడి కాచిన రసంలో తడిపి ఆరబెట్టిన తెల్లగుడ్డ మీద పుల్లతో గీయించండి. కరక్కాయ దొరక్కపోతే చిక్కటి టీ డికాక్షనైనా సరే. ఎవరి పేరు వాళ్ళు రాసుకోవచ్చు.

జాగ్రత్తలు, సర్దుకోవడం

మైలుతుత్తం విషం. దాన్ని ఏ పరిస్థితిలోనూ మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోయకండి, పెద్ద అక్షరాలతో తెలుగులో పేరు రాసి అంటించండి. ఆమ్లాన్ని నీళ్ళల్లో పోయాలి, నీళ్ళని ఆమ్లంలో కాదు. మెగ్నీషియం తీగ మూడు సెంటీమీటర్లు చాలు, పట్టకారుతో పట్టుకోండి, మంటవైపు నేరుగా చూడొద్దని వెలిగించకముందే చెప్పండి. అది మండుతుండగా నీళ్ళు చల్లకూడదు, పక్కన ఇసుక ఉండాలి. జింకు, ఆమ్లంతో వచ్చిన హైడ్రోజన్‌కి మంట చూపించి 'టప్' శబ్దం వినిపించే పరీక్ష పరీక్షనాళికకే పరిమితం, పెద్ద సీసాలో పట్టకండి. కళ్ళద్దాలు మీకొక్కరికైనా తప్పనిసరి, మీరు పెట్టుకుంటేనే పిల్లలు పెట్టుకుంటారు.

వాడిన నీలం నీళ్ళు కాలవలో పారబోయకండి, చేపలకి ప్రమాదం. ఒక బకెట్లో పోగు చేసి చాకలిసోడా కలపండి. నీలిపచ్చ ముద్ద అడుగున దిగుతుంది. పాత గుడ్డలో వడకట్టి ముద్దని ఆరబెట్టి మూత ఉన్న డబ్బాలో ల్యాబులోనే ఉంచండి. వడకట్టిన నీళ్ళల్లో రుద్దిన మేకు ఒకటి కాసేపు ముంచి చూడండి. ఎర్రబడితే ఇంకొంచెం సోడా పట్టాలి.